మాణిక్యాంబ మీసం

నేను ఒక మీసాన్ని. పుట్టు మీసాన్ని కాను, పెట్టుడు మీసాన్ని. నన్ను చూడడానికి వచ్చే మగవాళ్ళందరూ తమకు తెలియకుండానే పై పెదవి తడుముకుంటారు. గీసుకున్నవాళ్ళు కాస్త సిగ్గుపడతారు, పెంచుకున్నవాళ్ళు నాతో పోల్చుకుని చిన్నబోతారు. గాజుపెట్టెలో పడుకుని వీళ్ళ మూతులు చూడడమే ఇప్పుడు నా కాలక్షేపం. చెప్పుకోదగ్గ మూతి ఇంతవరకు కనపడలేదు.

నన్ను చేసినవాడు ఏలూరులో విగ్గుల పని చేసే యేసోబు. నాటకాలవాళ్ళకి మీసాలు, గడ్డాలు, ఆడవాళ్ళకి సవరాలు అతని సరుకు. ముడిసరుకు మాత్రం రెండింటికీ ఒకటే, ఆడవాళ్ళ జుట్టు. దువ్వెనకి వచ్చిన జుట్టు ఉండలు చుట్టి గోడ సందుల్లో దాచుకుని, పోగయ్యాక అమ్ముకునేవాళ్ళు. అంటే ఆ రోజుల్లో మా జిల్లాల స్టేజీల మీద తొడలు కొట్టిన రాజులందరి మూతుల మీదా ఉన్నది ఏదో ఒక ఇల్లాలు పొద్దున్నే తల దువ్వుకుంటే ఊడిన జుట్టే. దాన్ని అతికించుకుని, మెలేసి, "మూతి మీద మీసమున్న మగాడివైతే రారా" అని అరిచేవాళ్ళు. ఇంత వింత జాతిని నేను ఇంకెక్కడా చూడలేదు.

నా సంగతి కొంచెం వేరు. నా జుట్టు తెచ్చిన మనిషే నన్ను పెట్టుకుంది. ఆమె పేరు మాణిక్యాంబ. ఆమె మొగుడు వరహాలరావు పౌరాణిక నాటకాల కంపెనీ నడిపేవాడు. రాణి వేషానికి నీ గొంతు బొంగురు అన్నారు కంపెనీవాళ్ళు. పోనీ రాజు వేషం ఇవ్వండి అంటే, నీకు మీసం లేదుగా అని నవ్వారు. మీసమైతే కొనుక్కోవచ్చు, గొంతు కొనుక్కోలేంగా అనుకుని ఆమె ఏలూరు బస్సెక్కింది. ఇంకొకరి జుట్టు నా మూతి మీద ఎందుకు, నాదే వాడమని యేసోబుకి తన జుట్టు ఇచ్చింది. అతను సన్నటి జాలీ గుడ్డ మీద కొక్కెం సూదితో ఒక్కొక్క వెంట్రుకా ముడేసి నన్ను తయారుచేశాడు. మిగిలిన జుట్టుతో ఒక సవరం చేశాడు. ఆ సవరాన్ని మాణిక్యాంబ తన పక్కన రాణి వేషం వేసే వజ్రానికి ఇచ్చింది. వజ్రం అప్పటికి పొట్టి జడతో, పెద్ద కళ్ళతో, ఎప్పుడు చూసినా నవ్వు ఆపుకోలేనట్టుండే పిల్ల. ఎడమ కనుబొమ్మని రెండుగా చీల్చిన చిన్నప్పటి దెబ్బ మచ్చ ఒకటి ఉండేది.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళ పైచిలుకు మాణిక్యాంబే మా కంపెనీకి రాజు. ఆమె పద్యం ఎత్తుకుంటే వెనక బెంచీలవాళ్ళు కూడా బీడీలు ఆర్పేవాళ్ళు. రాగం చివర నన్ను ఎడమచేత్తో ఒక్క మెలి తిప్పేది. అంతే, వన్స్‌మోర్లు. రాజు వేషం వేసింది ఆడమనిషని తెలిసినవాళ్ళు తెలిసి ఈలలు వేశారు, తెలియనివాళ్ళు తెలియక వేశారు. వరహాలరావు మంచివాడే. కానీ స్టేజీ ఎక్కితే మోకాళ్ళు కొట్టుకునేవి, అందుకని హార్మోనియం పెట్టె వెనకాల ఉండిపోయాడు. నన్ను అంటించే గమ్ము మంటపుట్టేది. నాటకం అయ్యాక కొబ్బరినూనె రాసి, చర్మం లేవకుండా, కొసనుంచి కొంచెం కొంచెంగా నన్ను ఊడదీసేది వజ్రం. ఆ పని ఇంకొకరిని చెయ్యనిచ్చేది కాదు. మాణిక్యాంబ కళ్ళు మూసుకుని కూర్చునేది. నాకు తెలిసిన మంచి ఘడియలు అవే.

సినిమాలు వచ్చి కంపెనీ మూతపడింది. వరహాలరావు పోయాడు. మాణిక్యాంబ కొడుకు హైదరాబాదులో స్కూళ్ళు పెట్టి పెద్దమనిషి అయ్యాడు, తల్లి నాటకాల మనిషని చెప్పుకోవడానికి నామోషీ. వజ్రం పెళ్ళి చేసుకోలేదు. ఇద్దరూ రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకుని, ఊళ్ళో పిల్లలకి పద్యాలు నేర్పుతూ, ఒకరి మందులు ఒకరు గుర్తుచేసుకుంటూ బతికారు. మాణిక్యాంబ పోయినప్పుడు మనవడు శ్రీహరిరావు వచ్చి ట్రంకుపెట్టె పట్టుకుపోయాడు. అందులో ఏముందని వజ్రాన్ని అడగలేదు. ఆమె ఎవరని కూడా అడగలేదు.

ఆ పెట్టెలోంచి నేను తిన్నగా మ్యూజియానికి వచ్చాను. ఊరి పేరు చెప్పను, అన్ని ఊళ్ళవాళ్ళూ భుజాలు తడుముకోవాలని నా కోరిక. రంగస్థల మ్యూజియంలో ఆడవాళ్ళే కనపడరేమిటని ఎవరో పేపర్లో రాశారు. దాంతో డైరెక్టర్ శేషావతారంగారికి ఉన్నపళాన మహిళా విభాగం పెట్టాలని బుద్ధి పుట్టింది. ఒక గదికి గులాబీరంగు వేయించారు. మాణిక్యాంబ ట్రంకుపెట్టెలోంచి గాజులు, పౌడరు డబ్బా, కాఫీ ఫిల్టరు, వజ్రం నాతోపాటు దాచిన సవరం ఏరి ఆ గదిలో పెట్టారు. 'భర్త కళాసాధనకు అండగా నిలిచిన ఉత్తమ ఇల్లాలు' అని అట్ట రాయించారు. నన్ను మాత్రం బయట పెద్ద హాల్లో 'మహానటులు' వరసలో, 'వరహాలరావుగారు ధరించిన మీసం' అని పెట్టారు. మీసం ఉందంటే దాని వెనక మగవాడు ఉండాలి కదా. ఆ గదిలో ఉన్న సవరానిదీ నాదీ ఒకే తల. ఈ సంగతి కనుక్కోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు, అడిగితే చాలు. శేషావతారంగారికి డాక్టరేట్ ఉంది, అడిగే అలవాటు లేదు.

నా పైన గోడకి నిలువెత్తు ఫోటో, అదీ ఆ పెట్టెలో దొరికిందే. రాజు నన్ను పెట్టుకుని, గద ఆనించి కూర్చుని ఉంటాడు. రాణి అతని భుజం మీద చెయ్యేసి నిలబడి ఉంటుంది. కింద 'వరహాలరావు, మాణిక్యాంబ దంపతులు' అని రాసి ఉంది.

ప్రారంభోత్సవానికి ఇంకా నెల ఉందనగా పేపర్లో ఈ ఫోటో పడింది. మర్నాడే వజ్రమ్మ కర్ర పట్టుకుని వచ్చింది. ఎనభై దాటాయి, వొళ్ళు సగమైంది. ఫోటో ముందు చాలాసేపు నిలబడి, డైరెక్టర్‌గారిని పిలిపించింది.

"బాబూ, ఆ రాణి నేనండి. రాజు మాణిక్యాంబక్క."

శేషావతారంగారు చిన్నపిల్లని చూసినట్టు నవ్వి, అయితే వరహాలరావుగారు ఎక్కడున్నారమ్మా అని అడిగారు.

"హార్మోనియం దగ్గర. ఫోటోలో పడలేదు."

ఆమె అడిగింది పెద్ద కోరికేం కాదు. ఈ మీసం మాణిక్యాంబది అని ఒక్క ముక్క రాయమంది. తను పోతే ఆ ముక్క చెప్పేవాళ్ళు ఇంకెవరూ ఉండరని, అందుకే ఆటోలో పడి వచ్చానని చెప్పింది. డైరెక్టర్‌గారు ఆమెకి టీ తెప్పించారు. మీరిద్దరూ ఆడవాళ్ళే, మహిళా విభాగంలో మీ ఇద్దరికీ చోటుంది, ఎవరు ఎవరైతే ఏముందమ్మా అన్నారు. ఆ మాట అన్నాక టీలో పంచదార సరిపోయిందా అని కూడా అడిగారు.

వజ్రమ్మ టీ తాగకుండా లేచి పేపరాఫీసుకి వెళ్ళింది. గొడవ మొదలైంది. టీవీలో గంట చర్చ జరిగింది. మీసం ఎవరిదన్న ప్రశ్న తప్ప అందులో అన్నీ వచ్చాయి. చివరికి కమిటీ సమావేశం పెట్టారు. సాక్ష్యం కింద నన్నూ ప్లాస్టిక్ కవర్లో వేసి బల్ల మీద పెట్టారు. ఒక సభ్యుడు ఎవరూ చూడట్లేదనుకుని నన్ను తన మూతికి ఆనించి, సెల్‌ఫోన్‌లో మొహం చూసుకున్నాడు. అతని మొహానికి నేను చెయ్యగలిగిన సాయం ఏమీ లేదు.

మహిళా విభాగానికి సలహాదారు ప్రొఫెసర్ హైమవతి ఒక గట్టి అభ్యంతరం తెచ్చింది. మీసం పురుషాహంకారానికి గుర్తు, అది స్త్రీల గదిలో అడుగుపెడితే స్త్రీజాతికే అవమానం, ఆడది గొప్పదనిపించుకోవాలంటే మీసం అతికించుకోవాలా అని గట్టిగా అడిగింది. ఈ గదిలో స్త్రీల కన్నీటి చరిత్ర ఉండాలి అంది. వజ్రమ్మ ఆమెని ఎగాదిగా చూసింది.

"మా అక్క ఏడవలేదమ్మా. ఏడిపించింది."

ఆడవాళ్ళ చరిత్ర కావాలని బల్ల గుద్దిన మనిషికి ఎదురుగా కూర్చున్న ఆడమనిషి చరిత్ర పనికిరాలేదు, అది ఆవిడ రాసుకొచ్చిన ఉపన్యాసానికి సరిపోలేదు మరి. డైరెక్టర్‌కి ఆడవాళ్ళంటే గాజులు, ఈవిడకి ఆడవాళ్ళంటే కన్నీళ్ళు. ఇద్దరిలో ఎవరిని ఎక్కువ అసహ్యించుకోవాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

తర్వాత ఆధారం కావాలన్నారు. ఫోటోలో రాణి ఎడమ కనుబొమ్మ మధ్యలో మచ్చ ఉంది. వజ్రమ్మ కళ్ళద్దాలు తీసి తన కనుబొమ్మ చూపించింది. భూతద్దం తెప్పించి మొహంలో మొహం పెట్టి చూసి, సరే, రాణి వజ్రమ్మే అని ఒప్పుకున్నారు. రాజు మాటేమిటని ఆమె అడిగింది. రాజు మొహం నిండా రంగు, మూతి నిండా మీసం, కాబట్టి గుర్తుపట్టడం సాధ్యం కాదన్నారు. ఆనవాలు లేదు గనుక రాజు వరహాలరావుగారే అని శేషావతారంగారు తేల్చేయబోయారు.

అప్పుడు లేచాడు, ట్రంకుపెట్టె ఇచ్చినవాడని కమిటీ పిలిపించిన శ్రీహరిరావు. మనవడికి తాత పరువు గుర్తొచ్చింది.

"మా తాతగారి భుజం మీద పరాయి ఆడదాని చెయ్యా? ఒప్పుకోనండి. అలాగైతే ఆ రాజు మా తాతే కాదు."

నాకు నోరుంటే పొట్ట చెక్కలయ్యేలా నవ్వేదాన్ని. నిజం చెప్పడానికి ఎనభై దాటిన మనిషి వారాల తరబడి తిరిగితే కానిపని, మనవడి పరువు ఒక్క నిమిషంలో చేసేసింది. వరహాలరావుని ఆ ఫోటోలోంచి అతని సొంత మనవడే బయటకి పంపాడు. అయితే బామ్మ అయివుంటుందా అని ఎవరో గొణిగారు. బామ్మకి మీసం ఏమిటి, మా స్కూళ్ళ పేరు ఏం కావాలని శ్రీహరిరావు కేసు వేస్తానన్నాడు. కేసు మాట వినగానే కమిటీకి ఆకలి వేసింది.

భోజనాల తర్వాత తీర్మానం చేశారు. రాణి వజ్రమ్మ, దానికి ఆధారం ఉంది. రాజు భుజం మీద రాణి చెయ్యి ఉంది. మర్యాదస్థురాలు పరాయివాడి భుజం మీద చెయ్యి వెయ్యదు. కాబట్టి రాజు వజ్రమ్మ భర్త. ఆమెకి పెళ్ళే కాలేదన్న సంగతి అడగడం ఎవరికీ తోచలేదు. ఆమె అప్పటికే ఇంటికి వెళ్ళిపోయింది, అలిసిపోయి.

ప్రారంభోత్సవం రోజు హాలంతా బంతిపూలు కట్టారు. ఫోటో కింద కొత్త అట్ట పెట్టారు. 'అలనాటి నటి వజ్రమ్మ, ఆమె భర్త'. నా పెట్టెకి 'మీసం, వెంట్రుకలతో చేసినది' అని మాత్రం రాశారు. ఇంతకాలం నాకు అబద్ధపు పేరైనా ఉండేది.

వజ్రమ్మకి శాలువా కప్పడానికి కబురు పంపారు. ఆమె మంచి చీర కట్టుకుని, మంత్రిగారికంటే ముందే వచ్చింది. శేషావతారంగారు ఎదురెళ్ళి, మీ మాట ప్రకారమే మార్పించామమ్మా అని ఆమెని ఫోటో దగ్గరికి తీసుకొచ్చారు. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని, అట్టకి దగ్గరగా వంగి, పెదాలు కదుపుతూ చదివింది. నాకు భయం వేసింది. ఈ దెబ్బతో ఈమె ఇక్కడే కూలబడుతుందనుకున్నాను. పేరు కోసం తిరిగి తిరిగి, అక్క పేరు పూర్తిగా పోగొట్టుకుంది కదా అని నాకు ఏడుపొచ్చింది.

ఆమె కూలబడలేదు. మళ్ళీ ఒకసారి చదివింది. ఫోటోలో రాజుని చూసింది. ఆమె మొహంలోకి ఒక నవ్వు వచ్చింది. కొబ్బరినూనె చేత్తో నన్ను ఊడదీస్తున్నప్పుడు వచ్చే నవ్వు. బయట పోలీసుల హడావిడి మొదలైంది, డైరెక్టర్‌గారి చూపంతా గేటు మీదే ఉంది.

"తప్పేం రాయలేదు బాబూ" అంది వజ్రమ్మ. "పేరొకటి మర్చిపోయారు. ఆ పెన్ను ఇలా ఇవ్వండి."

ఆయన ఆమె వైపు చూడకుండానే జేబులోని పెన్ను తీసి ఇచ్చారు. ఆమె కర్రని నా గాజుపెట్టెకి ఆనించి, ఎడమచేత్తో గోడ పట్టుకుని, 'భర్త' అన్న మాట పక్కన పెద్ద అక్షరాలతో 'మాణిక్యాంబ' అని రాసింది. రాశాక పెన్నుకి మూత పెట్టి తిరిగి ఇచ్చింది.

అప్పుడు చదివారు శేషావతారంగారు. మొహం తెల్లబోయింది. ఇదేమిటమ్మా, భర్త మాణిక్యాంబ ఏమిటి, జనం నవ్వుతారు అన్నారు.

"భర్త అని మీరే రాశారు బాబూ. నేను పేరు కలిపాను, అంతే."

ఆయన ఇంకేదో అనబోయారు. ఇంతలో మంత్రిగారి కారు వచ్చింది, దండ పట్టుకుని పరుగెత్తారు. మంత్రిగారు అదే ఫోటో ముందు నిలబడి ఫోటోలు దిగారు. హైమవతి ఒక పక్క, శ్రీహరిరావు ఒక పక్క నిలబడ్డారు. అట్ట చదివినవాళ్ళు ఒక్కరూ లేరు. దాన్ని మార్పించాలని డైరెక్టర్‌గారు ప్రతి సోమవారం అనుకుంటారు. ఆ తీరిక ఇంతవరకు ఆయనకి దొరకలేదు.