చలికి లేవని షట్టర్

"మల్ల ఆగింది సూడు. జర గొలుసు గుంజు," అన్నాడు లింగమూర్తి, కారు అద్దం నాలుగు వేళ్ల మందం దించి. మాట బయటపడగానే అద్దం మళ్లీ పైకి పోయింది. బయట చలి మరి.

శ్రీవాణి అప్పటికే టిఫిన్ డబ్బా వెనక సీట్లో పెట్టింది. వీధి గుమ్మం దగ్గరి అరలోంచి అతని బూట్లు తెచ్చి కారులో పెడల్స్ పక్కన సర్దింది. ఇంటి లోపలి నుంచి కారు గదిలోకి ఒక తలుపు, తలుపు ముందు ఒక గోనెపట్టా. లింగమూర్తి ఆ పట్టా మీంచి ఒక్క అంగలో కారెక్కి, బూట్లు లోపలే తొడుక్కుంటాడు. ఉత్త కాళ్లతో షాబాద్ బండలన్నీ దాటి, గోడ మూలన వేలాడే గొలుసు దాకా పోయేది శ్రీవాణి. రెండు చేతులా పట్టుకుని లాగింది. కుడి భుజంలో ఎక్కడో సూది దిగినట్టయింది. షట్టర్ జానెడు లేచింది. ఇంకో జానెడు. హారన్ మోగింది. అది తిట్టు కాదు, తొందర. తొందరకీ తిట్టుకీ తేడా తెలుసుకోవడానికి ఆమెకు పెళ్లయ్యాక చాలా ఏళ్లే పట్టింది.

సిద్దిపేటలో వాళ్లిల్లు కట్టేటప్పుడు, కారు గదికి గేటు పెట్టిద్దామంది శ్రీవాణి. "షట్టర్ పెడితే రేపు దుకాణం మడిగె లెక్క కిరాయికన్న ఇయ్యొచ్చు. నీకేం తెల్వది," అన్నాడు లింగమూర్తి. ప్రజ్ఞాపూర్‌లో అతనికి టైల్సు దుకాణం ఉంది కాబట్టి ఇళ్ల సంగతులన్నీ అతనికే తెలుసు. మోటారు బిగించారు, రిమోట్ ఇచ్చారు. రిమోట్ అతని తాళాల గుత్తికి, మోటారు మొండికేస్తే లాగే గొలుసు ఆమె చేతికి వచ్చాయి. ఎవరూ పంచింది లేదు, అలా పడిపోయాయంతే. ఇంట్లో చాలా పనులు అలాగే పడతాయి, పడ్డ తర్వాత లేవవు.

దసరా నాటికి షట్టర్ కిర్రుమని వాడంతా వినపడేలా అరిచేది. ఆ రోజు కారుకు పూజ చేసి, చుట్టాలందరూ చూస్తుండగా, లింగమూర్తి కొబ్బరినూనె సీసా తెప్పించి షట్టర్ జారే పట్టాల్లో రెండు వైపులా దండిగా పోశాడు. సీసా అందించింది శ్రీవాణే. రిమోట్ నొక్కితే చప్పుడు లేకుండా పైకి పోయింది. "మెకానిక్కులు దండుగ. యంత్రమన్నంక నూనె తాగాలె," అని ఆయన అంటే, ఆయన తమ్ముడు సెల్లులో వీడియో తీశాడు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం, శ్రీవాణి మిద్దె మీద బట్టలు ఆరేస్తుంటే, కింద ఆయన వైద్యం సాగుతూనే ఉంది. నూనె పోయడం, రిమోట్ నొక్కడం, అది హాయిగా లేస్తే చూసి మురిసిపోవడం. సీసా ఖాళీ అయితే మాత్రం వంటింట్లోకి వచ్చి అడిగేవాడు: "తల్లీబిడ్డలు కొబ్బరినూనె తాగుతున్రా ఏంది?"

దీపావళి దాటి చలి ముదిరాక షట్టర్ కొత్త వేషం మొదలుపెట్టింది. పొద్దున నడుము ఎత్తు దాకా లేచి, గుర్రుమని ఆగుతుంది. ఎండెక్కాక ఏమీ ఎరగనట్టు లేస్తుంది. లింగమూర్తి రిమోట్‌లో సెల్లులు మార్చాడు, కరెంటు తక్కువొస్తుందన్నాడు, ఈశాన్యం మూల బరువుందన్నాడు. ఆఖరికి, "నువ్వు ఏడనన్న ఒత్తుతున్నవేమో దాన్ని," అన్నాడు. ఆమె ఏనాడూ రిమోట్ ముట్టింది లేదు. ఆ మాటా చెప్పింది. "ఊకె అన్న తియ్," అన్నాడు.

శుక్రవారం నంగునూరు మండల ఆఫీసులో సూపరింటెండెంట్ ప్రమీలాదేవి ఆమెను పిలిచింది. శ్రీవాణి అక్కడ జూనియర్ అసిస్టెంటు. "హైదరాబాద్‌ల నెల రోజుల ట్రైనింగు. పోయొచ్చినోళ్లకే పై సీటు. ఇంతకుముందు రెండుసార్లు అడిగితే రెండుసార్లు కాదన్నవ్. నా చేతుల ఇదే ఆఖరు, నేను రిటైరైపోతున్న. ఆదివారం దాకా చూస్త శ్రీవాణీ, అప్పటికీ చెప్పకుంటే వేరేవాళ్ల పేరు రాసి పంపుత." ఆ రెండుసార్లూ ఎందుకు కాదందో శ్రీవాణికి గుర్తుంది. ఒకసారి అత్తమ్మకు కంటి ఆపరేషను. ఇంకోసారి కూతురు సాత్వికకు కామెర్లు. రెండూ నిజం కారణాలే. వంక పెట్టడానికి లేదు. ఆ కారణాలు ఎప్పుడూ ఆమె దగ్గరికే వచ్చి కూర్చుంటాయి, లింగమూర్తి దుకాణం గడప మాత్రం తొక్కవు. అదొక్కటే ఆమెకు అర్థం కాదు.

రాత్రి అన్నాల దగ్గర సంగతి చెప్పింది. లింగమూర్తి కోప్పడలేదు. నిజంగానే ఆలోచనలో పడ్డాడు, ఆలోచించి అడిగాడు: "నువ్వు పోతే పొద్దుగాల షట్టర్ ఎవ్వలు లేపుతరు?"

ఆమె నవ్వింది, హాస్యమాడాడనుకుని. అతను నవ్వలేదు.

"ఈ చలికాలం పోనీ. కొత్త మోటర్ ఏపిద్దాం. అటెనుక చూద్దాం ట్రైనింగు గీనింగు," అన్నాడు. అత్త రాములవ్వ పప్పు కలుపుకుంటూ, "నెల దినాలంటే మాటలా బిడ్డా, ఇల్లు ఇల్లు లెక్క ఉంటదా?" అంది. ఆ రాత్రికి మాట అక్కడితో తెగింది. శ్రీవాణి మనసులో మాత్రం తెగలేదు. అత్త కన్ను, కూతురి కామెర్లు అంటే సరే. ఈసారి ఒక ఇనప రేకు అడ్డం పడింది. ఇంత చదివి, పరీక్ష రాసి, ఉద్యోగం తెచ్చుకుని, ఇల్లు కట్టడానికి లోను తన జీతం మీద తీసి, తీరా చూస్తే ఈ ఇంట్లో తన పేరు షట్టర్ గొలుసు. ఏడుపు రాలేదు గానీ అవమానంగా ఉంది. పోనీ, షట్టరే అడ్డమైతే షట్టర్ సంగతే తేల్చుకుందామనుకుంది.

మర్నాడు రెండో శనివారం, సెలవు. మెకానిక్ మతీన్‌కు ఫోన్ చేసింది. అతను వచ్చేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. లింగమూర్తిని అడిగి ఇంట్లో ఉంచుకున్న రిమోట్ మతీన్ నొక్కగానే షట్టర్ పెళ్లిచూపుల్లో కూర్చున్న పిల్లలా బుద్ధిగా లేచింది, బుద్ధిగా దిగింది. "మోటర్ ఫస్ట్‌క్లాస్ ఉంది మేడం. మీరు బటన్ సక్కగ ఒత్తుతలేరేమో," అన్నాడు మతీన్. ఫోన్ స్పీకర్‌లో ఉన్న లింగమూర్తి పకపకా నవ్వాడు. "నేను చెప్పలే? ఆమె చేతులనే ఉంది మతీన్ భాయ్."

శ్రీవాణికి తన భుజం గుర్తొచ్చింది. పొద్దున లేస్తే దువ్వెన తల దాకా పోదు. ఆమధ్య ఒక మధ్యాహ్నం దవాఖానకు పోతే డాక్టరు చెయ్యి పైకెత్తమన్నాడు, లేచింది. కిందికి దించమన్నాడు, దిగింది. "ఏం లేదమ్మా, ఊరికె టెన్షన్ పడకు," అని పంపించాడు. పొద్దుటి నొప్పిని మధ్యాహ్నం ఎవరికి చూపించాలి? పొద్దున ఏం జరుగుతుందో పొద్దున అక్కడుండే మనిషికే తెలుస్తుంది, ఆ మనిషి మాట ఎవరూ లెక్కపెట్టరు. మతీన్ సంచీ సర్దుకుంటూ మాటవరసకు ఒకటన్నాడు. "పొద్దుగాల ఆగితే పొద్దుగాలనే చూడాలె మేడం. గా టైముకు నేనైతే రాలేను." ఆ మాట మాత్రం ఆమె పట్టుకుంది.

ఆదివారం లింగమూర్తికి నారాయణరావుపేటలో ఒక గృహప్రవేశం ఉంది. ఆ ఇంటికి టైల్సన్నీ అతని దుకాణంలోవే. అతను లేవకముందే శ్రీవాణి లేచింది. సాత్విక తలంటు రోజు, ముందు నూనె పట్టించాలి. సీసా వంచితే చుక్క రాలేదు. తెల్లగా గడ్డకట్టి ఉంది. రోజూ చేసేదే, గిన్నెలో వేడినీళ్లు పోసి సీసాను అందులో నిలబెట్టింది. అది కరిగే లోపల రిమోట్ ఉన్న అతని తాళాల గుత్తి తీసుకుని కారు గదిలోకి వెళ్లింది.

నొక్కింది. షట్టర్ నడుము దాకా లేచి ఆగింది. అలవాటుగా చెయ్యి గొలుసు మీదికి పోయింది. ఆపుకుంది. సెల్లు లైటు వేసి షట్టర్ జారే పట్టాలోకి చూసింది. పట్టా నిండా తెల్లగా, దుమ్ము కలిసి మైనంలా ఏదో పేరుకుపోయింది. వేలితో గీకింది. వేడికి కరిగి వేలి మీద నూనైంది. వాసన చూసింది. సాత్విక జడ వాసన.

శ్రీవాణికి నవ్వొచ్చింది. పగలబడి నవ్వాల్సిన విషయమే, కానీ సగంలో ఆగిపోయింది. రోజూ పొద్దున వంటింట్లో ఆ సీసాను వేడినీళ్లలో పెట్టి, ఇవతలికొచ్చి ఈ గొలుసు లాగిన మనిషి తనే. రెంటికీ సంబంధం తట్టలేదు. తట్టాలంటే ఒకచోట కాసేపు ఊరకే నిలబడే తీరిక ఉండాలి. పొయ్యి మీద ఒకటి, బకెట్టులో ఒకటి, బడికి ఒకటి, దుకాణానికి ఒకటి అని పరుగెత్తే బుర్రకు ఆ తీరిక ఎవరిస్తారు? ఆయన పోసే మందే రోగమైంది. మధ్యాహ్నం పోస్తాడు, మధ్యాహ్నం చూస్తాడు, మధ్యాహ్నం మెచ్చుకుంటాడు.

వెళ్లి గిన్నెలోని వేడినీళ్లలో గుడ్డ ముంచి తెచ్చి, పట్టాకు ఒకవైపు కాపడం పెట్టింది. రెండోవైపూ పెట్టింది. రిమోట్ నొక్కితే షట్టర్ జానెడు పైకి కదిలింది. అనుమానం లేదు, ఇదే. సంతోషంతో ఆమె కాళ్లు వాటంతటవే పెరట్లోకి నడిచాయి. బకెట్టు నిండా వేడినీళ్లు, సబ్బుపొడి, పాత లుంగీ ముక్క తెచ్చింది. కూర్చుని తుడవబోయి, ఆగింది.

తను దీన్ని తుడిచేస్తుంది. షట్టర్ లేస్తుంది. లింగమూర్తి చూసి, సరే పొమ్మంటాడు. లేదా, సాత్విక జడ ఎవ్వలు ఏస్తరంటాడు. ఏదన్నా ఒకటే. వద్దంటే కారణం ఇంకోటి పుడుతుంది, పొమ్మంటే షట్టర్ లేచింది కాబట్టి పొమ్మంటాడు. వచ్చే ఏడాది ఇంకేదో ఆగిపోతుంది, అదీ తనే తుడవాలి, తుడిచాక అడగాలి. అడగడానికి ముందు ఇంట్లో అన్నీ నడుస్తుండాలన్న షరతు ఎవరు పెట్టారు? నిజం చెప్పాలంటే ఎవరూ పెట్టలేదు. ఇన్నేళ్లూ తనే పెట్టుకుంది. ఈ ఆలోచన ఆమెకు షట్టర్ రోగం కంటే ఎక్కువ భయం పుట్టించింది.

తడి చేతులు చీరకు తుడుచుకుని సెల్లు తీసింది. షట్టర్ ఇంకా సగంలోనే ఉంది, కింది సందులోంచి చలి కాళ్లకు కొడుతోంది. "మేడం, నా పేరు పంపండి. వస్తాను," అని ప్రమీలాదేవికి మెసేజ్ పెట్టింది. ఆవిడ ఎప్పుడు లేస్తుందో ఏమో, వెంటనే జవాబొచ్చింది: "పంపుతున్న. ఈసారి మాట మార్చకు." శ్రీవాణి షట్టర్‌ను కిందికి దించేసి, బకెట్టును అక్కడే వదిలి, తాళాల గుత్తిని తీసినచోటే పెట్టి, కూతురికి నూనె పట్టించడానికి లోపలికి పోయింది.

లింగమూర్తి తయారై, గోనెపట్టా మీంచి కారులోకి అంగ వేశాడు. రిమోట్ నొక్కాడు. షట్టర్ కొంచెం లేచి ఆగింది. హారన్ మోగింది. శ్రీవాణి వచ్చి గుమ్మంలో నిలబడింది. వెనకాలే రాములవ్వా వచ్చింది.

"గొలుసు గుంజు. ముహూర్తం దాటుతది. నా బూట్లేవి?"

"అరల ఉన్నయి. షట్టర్‌కు ఏమైందో తెలిసింది. మీరు పోసిన కొబ్బరినూనె చలికి గడ్డకట్టింది."

"కొబ్బరినూనెనా? దానితోనే గద ఇన్నొద్దులు మంచిగ నడిచింది."

"మధ్యాహ్నం నడిచింది."

రాములవ్వ ముందుకొచ్చి, వంగి షట్టర్ పట్టాలో వేలు పెట్టి, ముక్కు దగ్గర పెట్టుకుంది. "నూనెనే రా కొడుకా. నా తలకు లేదని రోజూ ఏడుస్తున్న, ఈడ ఉందా ఇదంత?" అంది.

లింగమూర్తికి నవ్వాలో చిరాకు పడాలో తెలియలేదు. నవ్వే ఎంచుకున్నాడు. పెద్దమనసు చేసుకున్నవాడి గొంతుతో, "సరె, మంచిగనే కనిపెట్టినవ్. జర తుడిసెయ్. ఇది లేసిందంటే నీ ట్రైనింగుకు నేనేమన్న అడ్డమా, పోదువు తియ్," అన్నాడు.

"పేరు ఇచ్చేసిన," అంది శ్రీవాణి. "పొద్దుగాలనే. ఇది లేవకముందే."

"నన్ను అడగకుండనే?"

"షట్టర్‌ను కూడ అడగలే." ఆమె బకెట్టును కాలితో కొంచెం అతని వైపు జరిపింది. "నీళ్లు ఇంక వేడిగనే ఉన్నయి. పోసినోళ్లే తుడవాలె."

అతను తల్లి వైపు చూశాడు. రాములవ్వ వేలికంటిన నూనెను తలకు రాసుకుంటోంది. ఇక వేరే దారి లేక, కారు తలుపు తీసి ఉత్త కాళ్లతో కిందికి దిగాడు. దిగినవాడు అక్కడే అరికాళ్లెత్తి నిలబడిపోయాడు.

"గీ బండలు ఇంత సల్లగుంటయా?"

"పొద్దుగాల ఉంటయి," అంది శ్రీవాణి.