రాజులమ్మ చేతిలో ట్రే

"జీడిపప్పు బాగా ఎయ్యి. యూనివర్సిటీవాళ్లొస్తన్నారు, పరువు పోద్ది," అన్నారు మా ఆయన, నేను పొద్దున్నే రవ్వ వేయిస్తుంటే. ఎవరి పరువో చెప్పలేదు.

మేమిద్దరం నర్సీపట్నంలో ఒకే హైస్కూల్లో టీచర్లం. ఆయన లెక్కలు, నేను సైన్సు. బడి వదిలాక ఆయన పేపరు చదువుకుంటారు, నేను బియ్యం కడుగుతాను. మా అత్తగారు రామాయమ్మ, "కుర్సీలో కూకుని పాటం సెప్పొస్తావు, అదీ ఓ పనేటే?" అంటారు. కొడుకు కూడా అలాంటి కుర్చీలోంచే లేచి వస్తాడని ఆవిడకి ఇప్పటికీ తట్టదు.

రెండువేల మూడులో యూనివర్సిటీవాళ్లు చురుకైన బడిపిల్లల కోసం వేసవి సైన్సు శిబిరం పెట్టారు. నెల్లాళ్లు విశాఖలో, వాళ్ల ల్యాబుల్లోనే. బడికి ఒక్కరికే చోటు. ఆ చోటు కోసం తొమ్మిదో తరగతి రాజులమ్మని తయారుచేశాను. వాళ్లది కొయ్యూరు పైన కొండమీది ఊరు, ఇక్కడ హాస్టల్లో ఉంటోంది. వాళ్లింట్లో చిల్లగింజ అరగదీసి బురదనీళ్లలో కలిపితే మట్టి అడుక్కి దిగిపోతుంది. "క్లాసులో మీరు పటిక ఏసినా అదే అయ్యింది కద టీచర్? రెండిట్లోనూ ఒకటే సరుకుంటాదా?" అని అడిగిందో రోజు. అప్పట్నించీ సాయంత్రాలు బురదనీళ్ల గ్లాసుల ముందే కూర్చున్నాం.

ఇంటికి ఆలస్యమైనప్పుడల్లా మా ఆయన, ఆ కొండపిల్ల మీదున్న ధ్యాస మొగుడి మీదుంటే బాగుణ్ణు అనేవారు. తీరా ఎంపికకి పిల్లల్ని చూపించే గైడు టీచరెవరంటే హెడ్మాస్టరు జగదీశ్వరరావుగారు మా ఆయన పేరే చెప్పారు. మగమాస్టారైతే పెద్దవాళ్లతో మాట్లాడగలరట.

మా బడికి ఎవరొచ్చినా టిఫిన్లు లేడీ టీచర్లు చెయ్యాలి, ఆడపిల్లలు అందించాలి. యూనివర్సిటీవాళ్లు ఎంపికకి వచ్చిన ఆ రోజూ అంతే. వరండాలో నేను ప్లేట్లు సర్దుతున్నాను. జడలు బిగించి కట్టుకున్న రాజులమ్మ ట్రేతో తిరుగుతోంది. లోపల ప్రొఫెసరుగారు ఒక్కొక్కరినే పిలిచి ప్రశ్నలడుగుతున్నారు.

"రాజులమ్మ ఎవరు?" అన్నారు.

"టిఫిన్ల పన్లో ఉందండి. ఈలోగా మన నాగబాబుని అడగండి," అన్నారు మా ఆయన. నాగబాబు ఆయన దగ్గర ట్యూషన్ చదువుతాడు.

పిల్ల గుమ్మంలోనే విన్నది. నా వైపు తిరిగి మెల్లిగా అడిగింది.

"టీ కూడా నానే ఇయ్యాలా టీచర్?"

అప్పుడొచ్చింది కోపం. ఇన్నేళ్లూ పోపులో వేసి మాడ్చేసిన కోపమంతా వచ్చింది. పిల్ల చేతిలోంచి ట్రే లాక్కుని లోపలికి నడిచి, హెడ్మాస్టరుగారి ఎదుటే మా ఆయన చేతుల్లో పెట్టాను.

"ఇవి మీరు అందించండి. పిల్లని పిలుస్తున్నారు."

రాజులమ్మ చిల్లగింజ గురించి చెప్పింది. తర్వాత ప్రొఫెసరుగారినే ఎదురు ప్రశ్నలడిగింది. ఆయన ఉప్మా సంగతి మర్చిపోయారు.

"ఈ అమ్మాయినే తీసుకుంటాం. కానీ ఆడపిల్ల కదా, తోడుగా లేడీ టీచరొకరు నెల్లాళ్లూ అక్కడుండాలి. లేకపోతే కుదరదు," అని నా వైపు చూశారు. "వీలవుతుందా అమ్మా?"

"ఇల్లొదిలి ఎలా వస్తారండీ," అని నవ్వి, హెడ్మాస్టరుగారు జవాబు కోసం మా ఆయన వైపు తిరిగారు. అందరూ అటే చూశారు. ఆయన నాకేసి చూసిన చూపుకి అర్థం నాకు తెలుసు. ఇంటికెళ్లాక నాకేం కాచుకుని ఉందో కూడా తెలుసు.

మా ఆయన ఇంకా ట్రే పట్టుకునే ఉన్నారు.

"వస్తానండీ," అన్నాను నేను.