నీళ్ళు తాగని అతుకు

మా మామ నలభై ఏళ్ళు చెక్క పడవల సందుల్లో తారు పూసిన నార కూరి బతికాడు. పనిమంతుడే, కాదనను. కానీ ఇనప ఓడలు వచ్చాక ఆ పనితనం ఎవడిక్కావాలి? మా ఇంట్లో ఉంటూ, కూతురింట్లో ఊరికే తిననని సగం అన్నం వదిలేసేవాడు. మా ఆవిడ చెవిలో జోరీగలా పోరింది. ఆ పోరు పడలేక, ఇనప ఓడలు కట్టేచోట మేస్త్రీని కదా అని, నా కిందే పనిలో పెట్టించాను.

ఇనప పలకలు రెండు ఒకదాని మీద ఒకటి ఎక్కించి రివెట్లు కొట్టాక, పై పలక అంచుని మొద్దు ఉలితో కొట్టి కింది పలకకి బిగించాలి. వెంట్రుక కూడా దూరకూడదు. నేను వేలితో తడిమి చూసి, బాగుంటే సుద్దముక్కతో గీత పెడతాను. గీత పడిందంటే ఆ అతుకు పూచీ నాది.

చెక్కకి అలా బిగించకూడదు. నీళ్ళు తాగి ఉబ్బుతుంది కాబట్టి కాస్త సందు వదలాలి. మా మామ చేతికి అదే అలవాటు. ఓడ ముందు గది అడ్డగోడ అడుగున గోరు పట్టేంత సందు వదిలేశాడు. నేను చూశాను. అప్పటికే భోజనం వేళ దాటింది, కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. మళ్ళీ కొట్టమంటే గంటసేపు చెక్క పురాణం విప్పుతాడు. గీత పెట్టేసి పోయాను.

మర్నాడు పొద్దున్నే ఆ గదిని నీళ్ళతో నింపి పరీక్ష పెట్టారు. ఇవతలి ఖాళీ గదిలోకి నీళ్ళు చిమ్మాయి. ఇది చూసిందెవరని ఇంజినీరు అడిగాడు.

"నేను చూసినప్పుడు బాగానే ఉందండీ. తర్వాత ఈయనే ఏదో గెలికినట్టున్నాడు" అన్నాను.

మామ నా వంక చూశాడు. కూతురి కాపురం గుర్తొచ్చిందో ఏమో, కాదనలేదు.

"కంగారు పడకండి బాబూ. సాయంత్రానికి తాగి మూసుకుంటుంది" అన్నాడు.

అందరూ పగలబడి నవ్వారు. ఇంజినీరు కుర్రాడు, వేళాకోళం మనిషి. అయితే ఆ ఖాళీ గదిలోనే కూర్చుని ఇనుము దాహం తీరాక కబురు చెయ్యమన్నాడు. మూసుకుంటే పని ఉంటుంది, లేకపోతే రేపట్నించి రానక్కర్లేదు.

మామ చీలమండల లోతు నీళ్ళలో, ఉలీ సుత్తీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పని మధ్యలో ఒక్కొక్కడూ వచ్చి పైనున్న కంతలోంచి తొంగి చూసి ఒక మాట విసిరి పోయాడు. నేనూ వెళ్ళాను. ఎన్ని గ్లాసులు తాగింది మామా అని అడిగాను. నవ్వేవాణ్ణి ఎవడూ అనుమానించడు. సిగ్గేసింది, అయినా అందరికంటే గట్టిగా నవ్వాను.

సాయంత్రం కింద నుంచి కేక వినిపించింది, ఆగిందని. ఇంజినీరూ నేనూ దీపం పట్టుకుని దిగాం. నిజంగానే చుక్క కారడం లేదు. మామ ఒంటి మీద చొక్కా లేదు, పంచె మోకాళ్ళ పైకి చిరిగిపోయింది. ఆ బట్టంతా సన్నటి పేలికలు చేసి, పురిపెట్టి, సందు పొడుగునా ఉలితో కూరాడు. అంత సాపుగా నార కూరినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. చలికి దవడలు కొట్టుకుంటున్నా ఆయన ముఖం వెలిగిపోతోంది. పని నిలబడిందనుకున్నాడు.

ఇంజినీరు దీపం దగ్గరగా పెట్టి చూశాడు. ఈసారి నవ్వలేదు.

"మేస్త్రీ, ఇది గుడ్డ. లాగెయ్" అన్నాడు.

తప్పు నాదని చెప్పొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది, నా ఉద్యోగం గుర్తొచ్చి మింగేశాను. పేలిక కొస పట్టుకుని లాగాను. రాలేదు. గోడకి కాలు తన్నిపెట్టి రెండు చేతులతో గుంజాను. అంగుళం కదల్లేదు. ఇంజినీరు విసుగ్గా చూస్తున్నాడు. ఆ చూపు నా మీద పడటం మామ గమనించాడు. మెల్లగా నా పక్కకి వచ్చాడు.

"అలా రాదు అల్లుడూ, ఇలా ఇవ్వు" అని కొస నా చేతిలోంచి తీసుకుని, ఉలితో ఒక చివర లేపి, పేలిక వెంట పేలిక తనే ఊడదీశాడు.