బందెలదొడ్డిలో అనిక

ధర్మారావు ఆ వేషం కావాలనే నాకిచ్చాడు. ఇందులో అనుమానం లేదు.

ఇద్దరిదీ పల్నాడులో ఒకే ఊరు. ఇప్పుడు ఇద్దరం అమెరికాలో, కాపెల్ అనే ఊళ్ళో పిల్లల దగ్గర ఉంటున్నాం. తెలుగు బడి వార్షికోత్సవానికి అతను మా ఊరి పుల్లరి సత్యాగ్రహాన్ని నాటకంగా రాశాడు. అడవిలో పశువులను మేపినందుకు తెల్లదొరలు వేసిన పన్ను పుల్లరి. ఊరు కట్టనంది. సర్కారు గేదెలను తోలుకుపోయి బందెలదొడ్డిలో పెట్టింది. ఎవరూ పన్ను కట్టి విడిపించుకోకూడదని ఊరంతా ఒట్టేసుకుంది. ఒక్కడు కట్టాడు. ఆ ఒక్కడి వేషం నాది.

కట్టింది మా తాత. ఆ సంగతి ఇక్కడ నాకు, ధర్మారావుకు మాత్రమే తెలుసు. నా మనవరాలు అనికకు తెలియడం నాకిష్టం లేదు.

"ముసలివాడి వేషానికి ముసలివాడే కావాలి గదా బావా. నీకైతే మేకప్ కూడా అక్కర్లేదు," అన్నాడు ధర్మారావు.

మా ఆవిడ ఉంటే తగిన జవాబు చెప్పేది. పోయి నాలుగేళ్ళయింది. కాదంటే ఎందుకని పదిమందీ అడుగుతారు. ఒప్పుకున్నాను.

నాటకం రోజున ఎనిమిదిమంది పిల్లలు గేదెలు. మా గేదె అనిక. తొమ్మిదేళ్ళది, అట్టకొమ్ములు పెట్టుకుంది. ధర్మారావు అటవీ అధికారి, పెట్టుడు మీసం. నేను అతని చేతిలో రూపాయి పెట్టబోతూ అనిక నడుముకు కట్టిన తాడు లాగాను. గేదె లేవలేదు. వెల్లకిలా పడుకుంది.

"లేమ్మా," అని గొణిగాను.

"నో తాతా! అందరూ ఇక్కడే ఉంటే నేను ఒక్కదాన్నే ఎలా వస్తా? నాట్ ఫెయిర్."

ధర్మారావు తనే లేపబోయాడు.

"బాడీ లూజ్ చేయండి గైస్!" అని అరిచింది అనిక. ఒళ్ళు వదిలేస్తే పోలీసులు ఎత్తలేరని స్కూల్లో సివిల్ రైట్స్ పాఠంలో నేర్చుకుందట. ఎనిమిది గేదెలూ తడిసిన గోనెసంచుల్లా వాలిపోయాయి. ధర్మారావు ఒకరి చెయ్యి ఎత్తితే కాలు జారింది, కాలు ఎత్తితే తల జారింది. చివరికి మీసం ఊడింది.

"అంకుల్, యువర్ మస్టాష్!" అంది ఒక గేదె. హాలు హాలంతా నవ్వింది.

నాకు వేరే దారి లేదు. రూపాయి జేబులో వేసుకుని అనిక పక్కన చతికిలబడ్డాను. చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

"కథ మార్చేశావు గదా బావా," అన్నాడు ధర్మారావు ఆయాసపడుతూ.

"గేదెనడుగు," అన్నాను.

ఇంటికొచ్చినా అనిక కొమ్ములు తీయలేదు.

"తాతా, రియల్‌గా కూడా ఆ మ్యాన్ కూర్చున్నాడా?"

అవునంటే సరిపోయేది. అనలేకపోయాను.

"లేదు. కట్టాడు. ఆయన మా తాత. ఇంట్లో పసివాడు పాలకి ఏడ్చాడట."

"ఇట్స్ ఓకే తాతా. బేబీ కదా."

"ఓకే కాదు. అందరిళ్ళలోనూ పసివాళ్ళున్నారు."

"బట్ నువ్వు కూర్చున్నావు," అని, అనిక కొమ్ములు తీసి నా తలకు పెట్టి, పడీపడీ నవ్వింది.

వచ్చే ఏడాది మళ్ళీ ఈ నాటకమే వేద్దామంటున్నాడు ధర్మారావు. వేసుకోమన్నాను. మా తాత సంగతి మాత్రం అడగాల్సినవాళ్ళు అడిగారు, చెప్పాను. ఇక ఎవరడిగినా చెప్పను.