జిరాఫీ చెవి

బంతుల తొట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని జీవమణి ఒక్కో ప్లాస్టిక్ బంతినీ డెట్టాల్ నీళ్ళ గుడ్డతో తుడిచి వెనక్కి విసురుతోంది. వెనక్కి విసిరినవి దొర్లుకుంటూ మళ్ళీ ముందుకే వస్తాయి. తుడిచిందేదో తుడవనిదేదో ఆ పైవాడికే తెలియాలి. ఈ పని కనిపెట్టినవాడు ఒక్క పూట ఇందులో దిగి చూస్తే తిక్క కుదిరేదని ఆమె రోజూ అనుకుంటుంది, అనుకుంటూనే తుడుస్తుంది. ఇవాళ మాత్రం చెయ్యి బంతుల మీదా, మనసు సాయంత్రం మీదా ఉన్నాయి.

పంజాగుట్టలో మెట్రో స్టేషన్‌కు ఎదురుగా ఉన్న మాల్‌లో, పై అంతస్తులో, తిండి కొట్ల పక్కన ఉంటుంది ఆ ప్లేజోన్. జారుడు బల్లలు, వల మెట్లు, మెత్తటి సొరంగాలు, బంతుల తొట్టి. ఆదివారం వచ్చిందంటే అమీర్‌పేట, మధురానగర్ కాపురాలన్నీ పిల్లల్ని వేసుకుని ఇక్కడికే చేరతాయి. పిల్లలు లోపల కేకలు పెడుతుంటే తల్లిదండ్రులు బయట బెంచీల మీద ఫోన్లలో మునిగి ఉంటారు. పిల్లలతో గడపడమంటే ఇప్పుడు ఇదేనని జీవమణికి అర్థమై చాలా కాలమైంది. సొరంగంలో ఇరుక్కుని ఏడిచే పిల్లల కోసం పాకి వెళ్ళీ వెళ్ళీ ఆమె మోకాళ్ళు నల్లగా కాయలు కాచాయి. ఆమె పొట్టి మనిషి, సన్నటి మనిషి. సొరంగాలలో దూరడానికి సరిగ్గా సరిపోతుందనే ఈ ఉద్యోగం ఇచ్చారని తోటివాళ్ళు ఆటపట్టిస్తారు.

ఆమెకు ఇంకో పని కూడా ఉంది. గేటు దగ్గర చెక్కతో కోసి రంగులు వేసిన జిరాఫీ బొమ్మ ఒకటి నిలబెట్టారు. లోపలికి వెళ్ళే ప్రతి పిల్లా చెప్పులు విప్పి దానికి వీపు ఆనించి నిలబడాలి. జీవమణి అరచెయ్యి నెత్తి మీద బల్లపరుపుగా పెడుతుంది. చెయ్యి జిరాఫీ చెవికి కిందే ఉంటే లోపలికి. చెవిని దాటితే ఇంటికి. మోకాళ్ళు కొద్దిగా వంచి నిలబడమని చెవిలో ఊదే తల్లుల్ని, అదంతా జుట్టే అని వాదించే తండ్రుల్ని, ఆమె చాలామందిని చూసింది. ఒకసారి అట్లాగే ఒక తల్లి బతిమాలితే జాలిపడి ఒక పొడుగు పిల్లవాణ్ణి పంపింది. వాడు జారుడు బల్ల మీంచి వచ్చి ఒక చిన్నపిల్ల చేతి మీద పడ్డాడు. చెయ్యి విరిగింది. మాట పడింది మాత్రం జీవమణి. అప్పటినుంచీ ఆమె ఎవరికీ కరగలేదు. పిల్లలు ఆమెను జిరాఫీ ఆంటీ అంటారు, పెద్దవాళ్ళు అనేవి వేరే ఉన్నాయి.

ఇంత మంది పిల్లల్ని ఆడించే మనిషికి ఒక్కగానొక్క కూతురు. పేరు జెనీఫర్. పాప రెండో తరగతిలో ఉండగా, అందరినీ ఆడిస్తావు గదా, నన్నెప్పుడు తీసుకుపోతావని అడిగింది. వచ్చే నెల అంది జీవమణి. ఆ వారమే గేటు దగ్గర అమ్మే ఎర్ర సాక్సులు, అరికాళ్ళ కింద రబ్బరు చుక్కలున్నవి, ఒక జత కొని బ్యాగులో పెట్టుకుంది. అవి లేనిదే లోపలికి రానివ్వరు. ఆ తర్వాత నెలలు వచ్చాయి, పోయాయి. పనివాళ్ళ పిల్లలు ఆడాలంటే మేనేజరు అనుమతి కావాలి. పాపకు సెలవు ఉన్న రోజు ప్లేజోన్‌లో కాలు పెట్టే సందు ఉండదు. సందు ఉన్న రోజు పాపకు బడి. మేనేజరు వంశీధర్ ఏలూరు వైపు నుంచి వచ్చిన కుర్రాడు, మర్యాదస్తుడు. ఎప్పుడడిగినా, "చూద్దాం లెండి జీవమణి గారూ" అనేవాడు. ఆ చూద్దాం మీదే మూడేళ్ళు గడిచిపోయాయి.

ఇప్పుడు పాపకు జహీరాబాద్ దగ్గర గురుకులంలో అయిదో తరగతి సీటు వచ్చింది. రేపు పొద్దున చేరాలి. ఈ సాయంత్రమే బస్సు. దిగబెట్టి వస్తానని సెలవు అడిగితే ఇవాళ రెండు పుట్టినరోజు పార్టీలున్నాయని వంశీధర్ నొచ్చుకుంటూ కాదన్నాడు. ఆమె ముఖం చూసి ఏమనుకున్నాడో, మధ్యాహ్నం పాపను రప్పించుకుని పార్టీవాళ్ళు వచ్చేలోగా కాసేపు ఆడించుకోండి అన్నాడు. జీవమణికి అదే పదివేలు. మాట ఇచ్చి తప్పిన తల్లిగా పిల్లను హాస్టలుకు పంపాల్సిన గతి తప్పిందని రాత్రంతా దేవుడికి స్తోత్రాలు చెప్పుకుంది.

పొద్దున యూసుఫ్‌గూడలో ఇంటి నుంచి బయలుదేరే ముందు పాపను లేపి మంచం పక్కన మోకరింపజేసి, తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. రోజూ జరిగేదే. రాత్రి తిరిగి వచ్చేసరికి పాప చాప మీద ముడుచుకుని నిద్రపోతూ ఉంటుంది. వారమంతా ఆమెకు కూతురు ఈ రెండు తీర్లలోనే కనిపిస్తుంది, మోకరించి గానీ, ముడుచుకుని గానీ. మంగళవారం సెలవు బట్టలకూ, బియ్యానికీ, ఉపవాస ప్రార్థనకూ చాలదు. ఫ్రాకుల అంచులు విప్పి కుట్టేది కూడా పక్కింటి వరలక్ష్మే. పిల్ల మస్తు ఎదుగుతుందని ఆవిడ మొన్న అంటే, జీవమణి మెప్పుగా తీసుకుని నవ్వి ఊరుకుంది.

మధ్యాహ్నానికి జనం మొదలయ్యారు. రాగసుధ అనే ఆవిడ ఇద్దరు పిల్లలతో వచ్చింది. చిన్నవాడు జిరాఫీ మెడకు కూడా రాలేదు, దూసుకుపోయాడు. పెద్దపిల్ల నెత్తి మీద పెట్టిన చెయ్యి చెవిని దాటి పైకి వెళ్ళింది.

"ఏంటండీ, రెండు వేళ్ళే కదా. తమ్ముడు ఆడుకుంటుంటే ఇది బయట కూర్చుంటుందా?" అంది రాగసుధ.

"ఎవరి పిల్లలైనా గంతే మేడం. చెవి దాటితే లోపలికి పంపేది లేదు."

రాగసుధ గొంతు పెంచింది. ఒక పనిమనిషితో ఇన్ని మాటలేమిటని తనలో తాను అన్నట్టుగా అందరికీ వినపడేలా అంది. వంశీధర్ వచ్చాడు. ఎన్నడూ లేనిది, రూలు రూలే మేడం అని జీవమణి పక్షాన నిలబడ్డాడు. పెద్దపిల్ల ఏడుపు మింగుకుని తల్లి పక్కన బెంచీ మీద కూర్చుంది. కూర్చుని లోపల ఆడేవాళ్ళనూ, జిరాఫీనీ, జీవమణినీ మార్చి మార్చి చూసింది. జీవమణి ఆ పిల్ల వైపు చూడకుండా సాక్సుల ట్రే సర్దింది. పిల్లలు వదిలేసి వెళ్ళిన సాక్సులు అందులో వేస్తారు. ఎప్పుడూ జత కుదరవు.

ఆ తర్వాత కాలం నడవడం మానేసింది. పాపను తీసుకొస్తున్న భర్త క్రీస్తుదాసుకు ఫోన్ చేస్తే, ఆటో అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఆగిపోయిందన్నాడు. మళ్ళీ చేస్తే అక్కడే ఉన్నానన్నాడు. ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు ఈ ఊరు తనకు దారి ఇవ్వకూడదా అని ఆమెకు కడుపు మండింది. పార్టీవాళ్ళ మనుషులు అప్పుడే బెలూన్ల మూటతో దిగారు. ఇంకా రాలేదా అని వంశీధర్ రెండుసార్లు అడిగాడు. అదే సమయానికి సొరంగంలో ఎవరిదో బాబు తడిపేసుకుని గుక్కపట్టాడు. జీవమణి పళ్ళు కొరుక్కుంటూ పాకింది. వాణ్ణి లాక్కుని మోకాళ్ళ మీద బయటికి వచ్చేసరికి ఎదురుగా తెలిసిన చెప్పులు కనిపించాయి.

జెనీఫర్ ఒక్కతే లిఫ్టులో వచ్చింది. ఆటో ఆపడానికి చోటు లేక క్రీస్తుదాసు పెట్టె, బకెట్టు వేసుకుని రోడ్డు మీదే తిరుగుతున్నాడట. తొందరగా రమ్మన్నాడట. జీవమణి బాబును చంకన వేసుకునే బ్యాగులోంచి సాక్సుల కవరు తీసి కూతురి చేతిలో పెట్టింది.

"తొందర్గ ఏస్కో బిడ్డా. పోయి జిరాఫీ కాడ నిలబడు. వస్తున్న."

బాబును వాళ్ళ అమ్మకు అప్పగించి, తడిసిన చాప ముక్క తీసి, తుడిచి, చేతులు కడుక్కుని పరుగున వచ్చింది. జెనీఫర్ ఎర్ర సాక్సులు తొడుక్కుని, మడమలు ఆనించి, వీపు నిటారుగా పెట్టి, అమ్మ ఇంట్లో చెప్పే పద్ధతి ప్రకారమే నిలబడి ఉంది. జీవమణి అలవాటుగా చెయ్యి చాపింది. జిరాఫీ చెవి కనిపించలేదు. పాప తల వెనక ఉంది.

చెయ్యి నెత్తి మీద ఆన్చాలంటే ఇంకా పైకి ఎత్తాలి. ఎత్తింది. తన చెవి దాకా వచ్చింది పిల్ల. ఎప్పుడు వచ్చింది? కన్నది తను, పెంచింది తను, ఇంటి పేరుకు మాత్రం వాళ్ళ నాన్న అనుకునేది. ఎత్తు మాత్రం క్రీస్తుదాసుదని ఈ చెక్క బొమ్మ చెప్తే గానీ తెలియలేదు. ఊళ్ళో పిల్లలందరినీ రోజూ కొలిచే చెయ్యి ఇది. ఆమెకు సిగ్గేసింది, ఆ వెంటనే కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం.

వంశీధర్ వైపు చూసింది. అతను ఒక్క చూపులో సంగతి గ్రహించి, ఫోన్‌లోకి తల దించుకుని, "మీ ఇష్టం అండీ" అన్నాడు. కాదంటే కొట్లాడేది. మూడేళ్ళు చూద్దాం అన్న మనిషి ఇవాళ తన ఇష్టానికి వదిలేశాడు. బెంచీ మీద నుంచి రాగసుధ కూడా చూస్తోంది. మెల్లగా, "పర్లేదండీ, పంపండి. నేనేమీ అనను" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండును. ఆవిడ పక్కన కూర్చున్న పెద్దపిల్ల మాత్రం రెప్ప వేయకుండా జీవమణి చేతి వైపే చూస్తోంది.

పంపితే ఏమవుతుంది? కాసేపే గదా. తన పిల్ల నెమ్మదిగల పిల్ల, ఎవరి మీదా పడదు. బతిమాలిన తల్లులంతా తనతో అన్న మాటలే ఇవి. అయినా సరే, పో లోపలికి, అనబోయింది.

"మమ్మీ, నేను పెద్దగైన," అంది జెనీఫర్. "లోపల చిన్న పిల్లలున్నరు. ఎవరి మీదన్న పడితే నిన్నే అంటరు."

"గట్లేం గాదు. జర సేపు ఆడు. నీకు ఆడాలనుండె గదా."

పాప చెక్క బొమ్మకు ఆనించిన వీపు తీసింది.

"రెండో తరగతిల ఉన్నప్పుడు ఉండె. ఇప్పుడు లేదు మమ్మీ."

నిష్ఠూరంగా అనలేదు. టిఫిన్ వద్దన్నట్టు అంది. నిష్ఠూరంగా అంటే జీవమణి ఒడిలోకి లాక్కుని ఏడ్చేది, తప్పయిందని చెప్పేది.

ఫోన్ మోగింది. పోలీసు ఆటోను ఆగనివ్వడం లేదని క్రీస్తుదాసు. పార్టీవాళ్ళ పాటలు అప్పుడే పెద్దగా మొదలయ్యాయి. జెనీఫర్ వంగి సాక్సులు విప్పుకుని, చెప్పులు తొడుక్కుని వచ్చి, ప్రయాణం ముందు ఇంట్లో అలవాటే గనక, అక్కడే రబ్బరు చాప మీద మోకాళ్ళూనబోయింది.

"వద్దు. నిలబడు," అంది జీవమణి.

నిలబడ్డ కూతురి తలమీద చెయ్యి పెట్టింది. పొద్దుట్నుంచి పోగు చేసుకున్న ప్రార్థన అంతా ఎక్కడికి పోయిందో, ప్రభువా అన్న ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. ఆ మాటనే మళ్ళీ అంది. జెనీఫర్ కళ్ళు మూసుకుని కాసేపు ఎదురుచూసి, ఇక రాదని తెలుసుకుని, తనే ఆమెన్ అంది. తిన్నగా తినమనీ, ఆదివారం ఫోన్ చేయమనీ జీవమణి చెప్పింది. పాప తల ఊపింది. లిఫ్టు ఎక్కి ఇటు తిరిగి నిలబడింది. తలుపులు మూసుకునే ముందు చెయ్యి ఎత్తింది, ఇంతలో అడ్డంగా బెలూన్ల మూట వెళ్ళింది.

గేటు దగ్గర పార్టీ పిల్లలు అప్పుడే వరస కట్టారు. జీవమణి వచ్చి తన చోట నిలబడి, ఒక్కొక్కరి నెత్తి మీదా అరచెయ్యి పెట్టి పంపుతోంది. చెవి దాటినవాళ్ళు ఈసారి ఎవరూ లేరు. వరస అయిపోయాక, ఒక పాపకు చిన్న సైజు సాక్సులు కావాలని ఎవరో అడిగితే ట్రే వైపు తిరిగింది.

జత కుదరని సాక్సుల కుప్ప మీద, ఒకదానిలో ఒకటి పొందిగ్గా మడిచి పెట్టిన ఎర్ర జత ఒకటి ఉంది. ఇంకా కొత్తగానే ఉన్నాయి. మడమల దగ్గర మాత్రం సాగిపోయి ఉన్నాయి.