మూడు సెకన్ల ముందు

అయినా వెళ్ళకుండా ఎలా ఉంటుంది పిచ్చుక? కళ్ళెదుటే రింగ్ మీదికి అవతలి జట్టు మనిషి దూసుకొస్తుంటే, నాకెందుకొచ్చిన గొడవ అని తన చోట తను నిలబడుతుందా? నిలబడితే మాత్రం ఊరుకునేవాళ్ళా?

ఉతికిన బట్టలు మడతపెడుతూ ఆమె ఇదే ఆలోచిస్తోంది. మంచం మీద ఒక పక్క బట్టల గుట్ట, ఇంకో పక్క లాప్‌టాప్. అందులో నిన్న ఓడిపోయిన ఆట చివరి నిమిషం దగ్గర ఆగి ఉంది. వాళ్ళాయన ఆడవాళ్ళ ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ జట్టుకి డిఫెన్స్ కోచ్. మీటింగుల్లో ఆయన చూపించే వీడియో ముక్కలు కత్తిరించేది ఆమె. క్లబ్బు ఆయనకి జీతమిస్తుంది. ఆయన ఆమెకి, "నీకు చేతికి అలవాటైన పని, నాకైతే పూటంతా పడుతుంది" అన్న మాట ఇస్తాడు.

పెళ్ళయిన కొత్తలో ఆయనతో మాట్లాడ్డానికి ఏదో ఒకటి ఉండాలని ఈ ఆట నేర్చుకుంది. ఆడటం కాదు, చూడటం. బంతి ఉన్నవాళ్ళని కాదు, లేనివాళ్ళని చూడటం. నెమ్మదిగా ఆట అర్థమైంది. దాంతోపాటు ఆయనా అర్థమయ్యాడు. రెండోది ఆమె కోరుకున్నది కాదు.

చేతిలో తువ్వాలు పక్కన పెట్టి వీడియో మళ్ళీ ఆడించింది. అవతలి జట్టు అమ్మాయి బంతి కొట్టుకుంటూ వచ్చి రాణీగారిని ఒక్క మెలికతో దాటేసింది. రాణీగారంటే వాళ్ళాయన జట్టులో పెద్ద తార. పోస్టర్ల మీద ఉండేది ఆ మొహమే. ఆమెని దాటాక రింగ్ దాకా దారి ఖాళీ. అప్పుడు మూలన తన మనిషిని, అంటే తన వంతుకొచ్చిన అవతలి జట్టు అమ్మాయిని, కాపు కాస్తున్న పిచ్చుక, జట్టులో అందరికంటే పొట్టిది, అందుకే ఆ పేరు, ఈ ఏడే చేరింది, ఆ మనిషిని వదిలేసి దారికడ్డం పరుగెత్తింది. వాళ్ళకి నేర్పింది అదే. దగ్గరున్నవాళ్ళు వెళ్ళి ఆదుకోవాలి. నేర్పినదాంట్లో రెండో సగం కూడా ఉంది. ఆదుకోవడానికి వెళ్ళినామె వదిలేసిన మనిషి దగ్గరికి, దెబ్బతిన్నామె, అంటే మొదట తన పక్కనుంచి మనిషిని పోనిచ్చినామె, పరుగెత్తాలి. రాణీగారు పరుగెత్తలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తూ నిలబడింది. బంతి మూలకి వెళ్ళింది. ఆ మూలన ఎవరూ లేరు. పిచ్చుక వెనక్కి తిరిగి, రెండు చేతులూ పైకెత్తి పరుగెత్తుకొచ్చేసరికి బంతి రింగ్‌లో పడిపోయింది.

నిన్న బస్సు దగ్గర పిచ్చుక ఆమె చెయ్యి పట్టుకుంది. "అక్కా, మీరు చూశారు కదా. తప్పు నాదేనా?"

వాళ్ళాయన అక్కడే సంచులు ఎక్కిస్తున్నాడు. "ఇంటికెళ్ళి వీడియో చూస్తానమ్మా" అంది ఆమె.

"నిజంగా చూడండక్కా. వచ్చే ఏడు నన్నుంచుతారో పంపేస్తారో రేపు మీటింగులోనే తేలుస్తారట."

పొద్దున ఆయన గడ్డం గీసుకుంటూ చెప్పాడు. "బంతి మూలకి చేరే చోట మొదలుపెట్టు, చాలు. ముందంతా అనవసరం."

"ముందే కదండీ, రాణీగారు..."

"ఆవిడతో ఇప్పుడు నేను తగువు పెట్టుకోవాలా? ఆవిడ మూతి ముడిచిందంటే ముందు ఊడేది నా ఉద్యోగం. పిచ్చుక పోతే ఇంకో పిచ్చుక వచ్చి వాలుతుంది. చెప్పిన చోట కత్తిరించు తల్లీ, నాకు కోచింగ్ నేర్పకు."

చెప్పిన చోట నుంచి చూస్తే కథ ఎంత తేలికో! పిచ్చుక తన మనిషిని గాలికొదిలేసింది, అంతే. వెళ్ళిన పని కనబడదు, రావాల్సినవాళ్ళు రాకపోవడం కనబడదు, ఖాళీ మూల ఒక్కటే కనబడుతుంది. ఆ మూల ఆమెకి కొత్తది కాదు. బిడ్డకి జ్వరమని ఫోనొస్తే ఆఫీసులో మీటింగు మధ్యలో లేచి వెళ్ళింది. "ఇల్లే ముఖ్యమైతే ఇంట్లోనే ఉండండి మేడమ్" అన్నాడు మేనేజరు. ఇంటికొచ్చి చెప్పుకుంటే, "అతనన్నదాంట్లో తప్పేముంది?" అన్నాడు ఈయన. ఉద్యోగం మానేసింది. అత్తగారు స్నానాలగదిలో జారిపడ్డ రోజున పొయ్యి మీది కూర వదిలేసి పరుగెత్తింది. ఆయన హాల్లోనే ఉన్నాడు, ఏదో ఆట చూస్తూ. మాడు వాసన ముక్కుకి తగిలాక లేచొచ్చి, "రోజంతా ఇంట్లోనే ఉంటావు, ఒక్క కూర చూసుకోలేవా?" అన్నాడు. "దాని ధ్యాస ఎక్కడుంటుందో ఏమిటో" అన్నారు అత్తగారు మంచం మీద బోర్లా పడుకుని. ఆవిడ నడుముకి మందు రాస్తున్న ఆమె చేతులు ఆగలేదు. ఈ ఇంట్లో ఏ కథైనా మాడిన గిన్నె దగ్గరే మొదలవుతుంది. అంతకంటే ఘోరం, లోపల తన మీద తను పెట్టుకునే పంచాయితీలో కూడా ఆమె అక్కడి నుంచే మొదలుపెడుతూ వచ్చింది. ఇన్నేళ్ళూ కత్తిరించీ కత్తిరించీ చెయ్యి అలా తిరిగిపోయింది.

"అయిందా?" వంటింట్లోంచి ఆయన కేక. పొయ్యికి వీపు పెట్టి టిఫిన్ తింటున్నాడు.

"అవుతోంది."

ముందు నుంచి కత్తిరిస్తే ఏమవుతుందో ఆమెకి తెలుసు. మీటింగులో తెర మీద మొదటి బొమ్మ చూడగానే ఆపేస్తాడు. "మా ఆవిడ కత్తిరించింది లెండి" అంటాడు. అందరూ నవ్వుతారు, రాణీగారు కూడా. పిచ్చుక సంచి సర్దుకుంటుంది. సాయంత్రం ఆయన ఇంటికొచ్చాక అనే మాటలు ఆమెకిప్పుడే వినబడుతున్నాయి. దీనివల్ల ఎవరికీ ఏమీ ఒరగదు. అనేవాళ్ళు ఎలాగూ అంటారు.

వీడియో కింద, మొదలు గుర్తు మీద వేలు పెట్టింది. మూడు సెకన్లు వెనక్కి జరిపింది. మూల పోయింది. చేతులెత్తి పరుగెత్తే పిచ్చుక పోయింది. రాణీగారు ఇంకా దెబ్బతినని చోటికి, పిచ్చుక ఇంకా తన మనిషి పక్కనే, మోకాళ్ళు వంచి, బుద్ధిగా నిలబడి ఉన్న చోటికి వచ్చి ఆగింది.

మాడు వాసన వచ్చింది.

"అమ్మాయ్, పొయ్యి మీద పాలు చూశావా?" గదిలోంచి అత్తగారు.

"ఏమోయ్, పాలు!" పొయ్యి పక్క నుంచి ఆయన.

ఆమె ముందు సేవ్ నొక్కింది. తర్వాత లేచింది.