జానకి ఎడమ చెంప

హాల్లో దండ వేసి ఉన్న జానకి ఫోటో వంక శ్రీనివాసరావు తిన్నగా చూసి ఏళ్లయింది. తద్దినం నాడు కూడా బొట్టు పెట్టి, దండ మార్చి, చటుక్కున పక్కకి తిరిగిపోయేవాడు. చుట్టాలు ఊరుకుంటారా? పెళ్ళాం మీద ప్రేమ లేదని కొందరు, ఉండబట్టే చూడలేడని కొందరు, కాఫీలు తాగుతూ తేల్చేశారు.

అసలు సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆ ఫోటోలోని మనిషి ఆయనకి జానకిలా అనిపించదు. అంటే భార్య ముఖాన్ని తను మర్చిపోయాడన్నమాట. కూతురు అపూర్వకి తల్లి బొత్తిగా గుర్తులేదు, అంత పసితనంలో పోయింది. తనూ మర్చిపోతే ఇక జానకి ఎవరి కళ్లల్లో మిగిలినట్టు? ఆ భయం ఆయన్ని లోపల్లోపలే తినేస్తూ ఉండేది.

అపూర్వ బెజవాడలో పిల్లలకి బొమ్మలు వేయడం నేర్పుతుంది. ఈ మధ్య హనుమాన్ జంక్షన్‌లో మేనమామ దుర్గాప్రసాద్ ఇంట్లో ఆమెకో పాత ఫోటో దొరికింది. ఏదో పెళ్ళికి బయల్దేరబోతూ జానకి అద్దంలో చూసుకుంటుంటే, వెనక నుంచి ఆ మేనమామే తీసిన ఫోటో. హాల్లో ఉన్నదానికి మూలం అదే. అప్పట్లో స్టూడియో అతను అద్దంలోని ముఖం వరకు పెద్దది చేసి ఇచ్చాడు. అపూర్వ మాత్రం అద్దంతో సహా మొత్తం రంగుల్లో వేసింది.

"నాన్నా, ఒకసారి ఇలా రా."

"బాగుందిలేమ్మా," అన్నాడు గుమ్మంలోంచే.

"చూడకుండానే? అమ్మంటే నీకంత విసుగా?"

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. వచ్చి బొమ్మ ముందు నిలబడ్డాడు. జానకి వీపు, జడ, కాస్త పక్కకి తిరిగిన చెంప, చెవి కింద పుట్టుమచ్చ. ఆయన ముందుకి వంగాడు.

"మచ్చ... ఎడమ వైపా?"

"ఎడమే కదా! హాల్లో ఫోటోలో కుడి వైపు..." అంటూ ఆగిపోయింది అపూర్వ. గబగబా వెళ్లి ఫోటో పట్టుకొచ్చింది. "స్టూడియో అతను అద్దంలో ముఖాన్ని ఉన్నదున్నట్టు దించేశాడు నాన్నా, తిప్పలేదు! పైట ఒక్కటీ కుడి భుజం మీద కనిపిస్తే బాగుండదని, చెరిపి ఎడమ వైపు గీశాడు మహానుభావుడు!"

పైట మర్యాద నిలబెట్టి, మనిషిని తారుమారు చేశాడన్నమాట. పైట పద్ధతిగా ఉండేసరికి ముఖం సంగతి ఇంటిల్లిపాదిలో ఒక్కరికీ తోచలేదు.

శ్రీనివాసరావు దండ తీసేశాడు. గదిలోకి వెళ్లి, బీరువా అద్దం ముందు ఫోటోని ముఖం అటు తిప్పి గుండెలకి ఆనించి పట్టుకున్నాడు. తలెత్తడానికి ఆయనకి చాలాసేపు ధైర్యం చాల్లేదు. చివరికి ఎత్తాడు.

అద్దంలో జానకి ఉంది. పెదవి ఓ పక్కకి కాస్త ఎత్తు, మచ్చ ఉండాల్సిన చోట. పొద్దున్నే కాఫీ అందిస్తూ ఆయన్ని చూసిన ముఖం.

"నేను మర్చిపోలేదమ్మా," అన్నాడు గుమ్మంలో ఆగిన కూతురితో. "ఇన్నేళ్లూ మర్చిపోయాననుకున్నాను. అందుకే చూసేవాణ్ణి కాదు."

అపూర్వ మెల్లగా వచ్చి తండ్రి భుజానికి ఆనుకుని, అద్దంలోకి చూసింది.

"అమ్మ ఇలా ఉండేదా నాన్నా?"

"ఇలాగే ఉండేది."